కాలనీ పార్కుకు, వీధికి జనాన్ని రోజూ నడకకు రప్పించడం ఎలా?

ఈ వ్యాసం కాలనీ సంక్షేమ సంఘాల్లో ఉన్నవారికి, వార్డు కమిటీల సభ్యులకు, గ్రామ పంచాయతీలో నలుగురినీ కూడగట్టి ఒక పని చేయించగలిగినవారికి ఉద్దేశించినది. గేటు పక్కన "ఆరోగ్యం కోసం రోజూ నడవండి" అని బోర్డు రాయించి, అదే గేటుకు ఉదయం తొమ్మిదింటికల్లా తాళం వేసే పార్కులు మన పట్టణాల్లో తక్కువేమీ కావు. నడక మంచిదన్న సంగతి తెలియని మనిషి ఈ రోజుల్లో దాదాపు లేడు. తెలిసినా కదలకపోవడానికి కారణం చాలావరకు చోటులోనే ఉంటుంది: ఇంటికి పది నిమిషాల దూరంలో నీడ, వెలుతురు, భయం లేకుండా నడిచే వీలు, పలకరించే మనిషి ఉంటే జనం వస్తారు, లేకపోతే రారు. అందువల్ల ఇక్కడ చెప్పే మెట్లన్నీ మనుషులకు బోధించడం గురించి కాక, చోటును సిద్ధం చేయడం గురించే ఉంటాయి.

ఎంత కదలాలన్న లెక్క ముందు తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. పిల్లలకు, కౌమార వయసువారికి సగటున రోజుకు 60 నిమిషాలు కావాలి. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడిస్తే అది ఓ మోస్తరు శ్రమ కిందికి వస్తుంది. ఈ కనీస స్థాయిని అందుకోని పెద్దవాళ్లు 2022 నాటికి మన దేశంలో దాదాపు సగం మంది ఉన్నారని, ప్రతి వందమంది స్త్రీలలో 57 మందికి, ప్రతి వందమంది పురుషులలో 42 మందికి ఆ మాత్రం కదలిక కూడా లేదని 2024లో వెలువడిన అంతర్జాతీయ అంచనా చెప్పింది. స్త్రీ పురుషుల మధ్య ఉన్న ఈ తేడాను మనసులో పెట్టుకోండి. మీ పార్కులో ఏ మార్పు చేయాలన్నా దాన్ని కొలిచే గజం అదే.

ముందు కూర్చుని లెక్కపెట్టండి

ఏదైనా కొనకముందు, ఎవరికైనా అర్జీ ఇవ్వకముందు ఒక నోటుపుస్తకం తీసుకుని ఆ స్థలంలో కూర్చోండి. వారంలో రెండు పనిదినాలు, ఒక ఆదివారం సరిపోతాయి. తెల్లవారుజామున, ఉదయం పదింటికి, సాయంత్రం ఐదింటికి, చీకటి పడ్డాక, ఇలా నాలుగు వేళల్లో ఒక్కో వేళ పది నిమిషాలపాటు కనిపించినవారిని గుర్తులతో రాసుకోండి. స్త్రీలెందరు, పురుషులెందరు, పిల్లలెందరు, అరవై దాటినవారెందరు అన్నది ఒక వరస. కూర్చున్నవారెందరు, నడుస్తున్నవారెందరు, పరుగెడుతున్నవారు లేదా ఆడుతున్నవారెందరు అన్నది మరొక వరస. పేర్లు అడగనక్కరలేదు, ఫోటోలు అసలే తీయవద్దు.

ఈ పట్టికను చూసినప్పుడు వచ్చినవారి కంటే రానివారి గురించి ఎక్కువ తెలుస్తుంది. ఉదయం ఐదున్నరకు ఉద్యోగ విరమణ చేసిన పురుషులతో నిండుగా ఉండే పార్కు, పదింటికి తాళంతో, సాయంత్రం చీకటితో ఖాళీగా ఉండవచ్చు. ఉదయం ఐదున్నర అంటే చాలా ఇళ్లలో ఆడవాళ్లు పాలు కాచి, టిఫిను చేసి, పిల్లల డబ్బాలు సర్దే వేళ; వారికి తీరిక దొరికేది పదకొండింటికో, సాయంత్రం నాలుగున్నరకో. ఆ వేళలో గేటు మూసి ఉంటే, ఆ పార్కు వారి కోసం కట్టింది కాదన్నమాటే. లెక్క చేతిలో ఉన్నాక, పార్కుకు రాని పదిహేను ఇరవై ఇళ్లకు వెళ్లి "ఎందుకు రావడం లేదు" అని అడగకండి, ఆ ప్రశ్నకు అందరూ "తీరిక లేదు" అనే చెబుతారు. "ఏ వేళలో, ఏం ఉంటే వస్తారు" అని అడగండి. కుక్కలు, వెలుతురు, మరుగుదొడ్డి, మూలన కూర్చుని సిగరెట్లు కాల్చే కుర్రాళ్లు, ఇలా అసలు సంగతులు అప్పుడు బయటికి వస్తాయి.

ఇంటి గుమ్మం నుంచి పార్కు గేటు దాకా

చాలా సంఘాలు పార్కు లోపలే ఆలోచిస్తాయి. నడక మాత్రం ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. కాలనీలో నాలుగు మూలల నుంచి పార్కు వరకు ఒక పెద్దావిడను, ఒక చిన్నపిల్లను వెంటబెట్టుకుని నడిచి చూడండి. ఫుట్‌పాత్ మీదికి పొడుచుకొచ్చిన ఇంటి ర్యాంపులు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు, నిలిపిన బైకులు, కాలువలోంచి తీసి అక్కడే వదిలేసిన పూడిక, పలక ఊడిన మురుగు కాలువ, వీటన్నింటినీ ఒక చేతిగీత పటం మీద గుర్తు పెట్టండి. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు నడిచేవారికి అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, ఫుట్‌పాత్ అంచు 150 మిల్లీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదని చెబుతాయి. మోకాళ్ల నొప్పులున్నవారు ఎత్తైన ఫుట్‌పాత్ ఎక్కి దిగలేకనే రోడ్డు మీద నడుస్తారు. ఎత్తు ఎక్కువగా ఉన్నచోట, ప్రతి మలుపు దగ్గర వాలు కట్టించమని అడగండి.

ఈ పటంలోని పనులను రెండుగా విడదీయడం మంచిది. బైకులు తీయించడం, పూడికను ఎత్తించడం, ఇంటివారితో మాట్లాడి మొక్కల తొట్లు జరిపించడం సంఘం తానుగా వారంలో చేయగలిగినవి. పలకలు వేయించడం, దీపాలు వెలిగించడం మున్సిపాలిటీ పని. వీధి దీపం వెలగడం లేదని ఊరికే చెబితే ఫిర్యాదు తిరుగుతూనే ఉంటుంది. స్తంభం మీద రాసి ఉన్న సంఖ్యను ఇస్తే లైన్‌మన్ నేరుగా అక్కడికే వస్తాడు.

వీధికుక్కల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సాయంత్రపు నడకను ఆపే కారణాల్లో అది ముందు వరసలో ఉంటుంది. జంతు జనన నియంత్రణకు సంబంధించి 2023లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో, కుక్కలకు ఆహారం పెట్టే చోటును, వేళను నిర్ణయించే బాధ్యతను కాలనీ సంఘాల మీద కూడా పెట్టారు. పిల్లలు, వృద్ధులు ఎక్కువగా తిరిగే చోట్లకు అది దూరంగా ఉండాలన్నది అందులోని నియమం. కుక్కలకు అన్నం పెట్టేవారితో గొడవపడకుండా, పార్కు గేటుకూ నడక దారికీ దూరంగా ఒక చోటును కలిసి ఎంచుకోండి, స్టెరిలైజేషన్ బృందాన్ని పిలిపించండి.

స్థలం ఎవరిది, ఎవరిని అడగాలి

అనుమతి పొందిన లేఅవుట్‌లో సాధారణంగా పదోవంతు స్థలం ఖాళీ జాగా కింద వదలాలి, దాన్ని స్థానిక సంస్థకు దానపత్రం ద్వారా రాసివ్వాలి. మీ కాలనీ లేఅవుట్ ప్లాన్ దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ప్లాన్ చేతికి వచ్చాక, పార్కు అని రాసి ఉన్న జాగాలో ఇప్పుడేముందో పోల్చుకుంటే కొన్నిసార్లు కళ్లు తిరుగుతాయి.

తెలంగాణలో 2019 నాటి మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించమంటుంది. ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలని కూడా అదే చట్టం చెబుతుంది. మీ అర్జీ మీద మహిళల కమిటీ, వయోవృద్ధుల కమిటీ సంతకాలు ఉంటే దాని బరువు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలో మొదలుపెట్టండి. అక్కడ కదలకపోతే, రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం నాడు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. అర్జీతో పాటు మీ లెక్కల పట్టిక, చేతిగీత పటం జతచేయండి. "పార్కును అభివృద్ధి చేయగలరు" అన్న ఒక్క వాక్యపు కాగితానికి వచ్చే స్పందన మీకు తెలిసిందే.

బాట, నీడ, దీపం, మరుగుదొడ్డి

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఏది ముందు చేయాలని అడిగితే, ఈ నాలుగూ ఇదే వరసలో అని చెబుతాను. విగ్రహం, ఫౌంటెన్, ఆర్చి మొదట రాకూడదు.

బాట ఒక చుట్టుగా ఉండాలి, వెళ్లి వెనక్కి తిరిగేదిగా ఉండకూడదు. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడుస్తుండగా మూడో మనిషి దాటిపోగలగాలి కాబట్టి రెండు మీటర్లకు తక్కువ కాకుండా చూడండి. నున్నటి పలకలు వేయించవద్దు. మొదటి వానాకాలంలోనే పాచి పట్టి, ముసలివాళ్ల తుంటి ఎముకలు విరిగేది వాటి మీదే. బాగా అణగదొక్కిన మొరం బాట మోకాళ్లకు హాయి, ఖర్చు తక్కువ, నీరు ఇంకుతుంది. దానికి ఏటా వానలు తగ్గాక ఒకసారి మరమ్మతు కావాలి. చుట్టు పొడవును టేపుతో కొలిచి ప్రతి 100 మీటర్లకు ఒక రాయి నాటి సంఖ్య రాయండి. 400 మీటర్ల చుట్టు అయితే ఐదు చుట్లకు రెండు కిలోమీటర్లు, అది మామూలు నడకలో సుమారు అరగంట. నేటి నడక ఎంతయిందో కంటికి కనబడితే, ఇంకో చుట్టు వేద్దామన్న బుద్ధి పుడుతుంది.

నీడ విషయంలో తొందరగా పెరిగే చెట్ల మోజులో పడవద్దు. పచ్చగా గోడలా పెరుగుతుందని ఒకప్పుడు విరివిగా నాటిన కోనోకార్పస్‌ను ఇప్పుడు చాలాచోట్ల తొలగిస్తున్నారు. పూతకాలంలో ఏడాకులపాల వాసన పడక విశాఖపట్నంలో ఎంతోమంది ఫిర్యాదులు చేశారు. పచ్చతురాయి కొమ్మలు ఈదురుగాలికి విరిగి పడతాయి. వేప, కానుగ, పొగడ నిదానంగా పెరిగినా మన ఎండకు తట్టుకుంటాయి, బాట మీద నిండు నీడ పరుస్తాయి. బాటకు పడమటి వైపున ముందు నాటండి, సాయంత్రం నడిచేవారిని కాల్చేది ఆ వైపు ఎండే. చెట్లు ఎదిగే దాకా ఒక మూల తాటాకు పందిరి వేయించినా చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు నడక పెట్టుకోవద్దని చెప్పండి, గేటు దగ్గర చలివేంద్రం ఏర్పాటు చేయండి, ఆ రెండు నెలలు రాత్రి తొమ్మిదిన్నర దాకా పార్కు తెరిచి ఉంచండి.

దీపాలు ఎత్తైన స్తంభం మీద ఒక్క పెద్ద ఫ్లడ్‌లైటుగా ఉంటే చెట్ల కింద చీకటి అలాగే మిగిలిపోతుంది. కొమ్మల కంటే తక్కువ ఎత్తులో, బాట పొడవునా చిన్న దీపాలు ఉంటే ఎదురుగా వచ్చే మనిషి ముఖం కనబడుతుంది. నిర్భయంగా నడవడానికి అదే ముఖ్యం. ఇదే కారణంతో ఆరడుగుల ప్రహరీ గోడ కంటే రోడ్డు మీదికి కనిపించే ఇనుప కంచె మేలు. గోడ కట్టిస్తే పార్కు భద్రంగా ఉందనిపిస్తుంది, కానీ లోపల ఏం జరుగుతోందో బయటి కన్ను చూడలేనప్పుడు ఆడపిల్లలు లోపలికి అడుగు పెట్టరు.

మరుగుదొడ్డి ఎందుకంటారా? అరవై దాటినవారూ, మధుమేహం ఉన్నవారూ ఇంటికి దూరంగా అరగంట ఉండలేకపోవడానికి ఇదే కారణం, వారు దాన్ని నోరు తెరిచి చెప్పరు. నీళ్లు, దీపం, లోపలి గడియ ఉన్న రెండు గదులు చాలు. శుభ్రం చేసేవారికి నెలజీతం ఎవరిస్తారో తేలకుండా మాత్రం కట్టించవద్దు. అలాగే బాట పొడవునా వీపు ఆనే, చేతులు ఊతం పెట్టి లేచే వీలున్న బెంచీలు తగుమాత్రపు దూరంలో ఉండాలి. కూర్చోవడానికి చోటుందన్న ధీమా ఉన్న మనిషే లేచి నడుస్తాడు. బైకులు లోపలికి రాకుండా గేటు దగ్గర వంకర కడ్డీలు పెడుతుంటారు. చక్రాల కుర్చీ, పసిపిల్లల బండి దూరగలిగేలా ఒకచోట 900 మిల్లీమీటర్ల సందు వదిలించండి.

ఓపెన్ జిమ్ కొనేముందు

రంగురంగుల పరికరాలు ప్రారంభోత్సవానికి బాగుంటాయి, ఫోటోల్లో కూడా. ఏడాది తిరిగేసరికి బేరింగులు అరిగి, నట్లు ఊడి, పిల్లలు ఉయ్యాలలుగా వాడి వేళ్లు నలగ్గొట్టుకునే ప్రమాదం వస్తుంది. కొనాలనే నిర్ణయిస్తే, మరమ్మతు ఒప్పందం లేకుండా బిల్లు పాస్ చేయవద్దని సంఘం తీర్మానం చేయండి; ప్రతి పరికరం మీద దాన్ని ఎలా వాడాలో, ఎవరు వాడకూడదో తెలుగులో రాయించండి. పరికరాలను పిల్లల ఆటస్థలం కనిపించేంత దగ్గరలో, పొట్టి కంచెతో వేరుచేసి పెట్టించండి. బిడ్డ జారుడుబల్ల మీద ఉన్నంతసేపు తల్లి బెంచీ మీద కూర్చోకుండా చేతులు తిప్పుకునే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

ఆడవాళ్లకు రావడానికి ఒక పని చూపించండి

"వాకింగ్‌కి వెళ్తున్నాను" అని అత్తగారితో చెప్పి బయటికి రావడం తేలిక కాని ఇళ్లు ఇంకా ఉన్నాయి; "కోలాటం నేర్చుకోవడానికి వెళ్తున్నాను" అంటే ఆ ఇంట్లోనే ఎవరూ అడ్డు చెప్పరు. ఆంధ్ర ప్రాంతపు ఊళ్లలో, పట్టణాల్లో కోలాటం బృందాలు గుడి ఆవరణల్లో సాయంత్రాలు సాధన చేస్తుంటాయి. గంటసేపు కర్రలు తాటిస్తూ, వంగి లేస్తూ, వరసలు మారుతూ వేసే ఆ అడుగులు ఓ మోస్తరు శ్రమకు ఏమాత్రం తీసిపోవు. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు ఖాళీ జాగాల్లో వలయంగా తిరుగుతూ ఆడతారు. ఆ తొమ్మిది రోజులకు వేసిన దీపాలను, శుభ్రం చేసిన నేలను పదో రోజు వదిలేయడం మన అలవాటు. మీరు ఆ దీపాలను అక్కడే ఉంచేయండి, సద్దుల బతుకమ్మ మరుసటి వారం నుంచే అదే వేళకు, అదే చోట వారానికి మూడు సాయంత్రాలు రమ్మని పిలవండి. స్వయం సహాయక సంఘం సమావేశాన్ని ఎవరి ఇంట్లోనో కాక పార్కులో పెట్టించి, ముందు రెండు చుట్లు నడిచి తర్వాత లెక్కలు చూసుకోమనడం కూడా పనిచేసే ఉపాయం.

ఇక్కడ రెండు నియమాలు పాటించాలి: వేళ మారకూడదు, ఎవరో ఒకరు తప్పకుండా ముందే వచ్చి ఉండాలి. వాట్సాప్‌లో రోజూ వేళ మార్చే గుంపు నెల తిరగకుండా చెదిరిపోతుంది. ముందుండి నడిపించే మనిషి యోగా గురువో, వ్యాయామ నిపుణురాలో కానక్కరలేదు, అందరినీ పేరు పెట్టి పిలవగలిగిన మనిషైతే చాలు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారిని మాత్రం వైద్యుణ్ని అడిగి రమ్మనండి.

గేటు బయట రాగిజావ, మొలకలు, పళ్ల ముక్కలు అమ్మేవారిని తరిమేయాలని కొందరు సభ్యులు తప్పక పట్టుబడతారు. తెల్లవారుజామున, చీకటి పడ్డాక ఆ చోట నిలబడి ఉండే మనుషులు వారే. పార్కుకు ఉన్న జీతం లేని కాపలాదారులు కూడా వారే. ఫుట్‌పాత్ మూసుకుపోకుండా ఒక వరస గీసి ఇవ్వండి, చెత్తబుట్ట పెట్టుకోమనండి, అంతే.

పిల్లలకు మైదానం

మీ దగ్గర పార్కే లేకపోతే, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఖాళీగా ఉండే ప్రభుత్వ బడి మైదానం ఉంటుంది. ప్రధానోపాధ్యాయునితో, పాఠశాల యాజమాన్య కమిటీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి: తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నింటికి మూస్తారు, పగిలిన అద్దానికి ఎవరు డబ్బు కడతారు, మరుసటి ఉదయానికి మైదానం ఊడ్చేది ఎవరు. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకోకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ రాత్రిపూట మిగిలే సీసాలూ, పేకముక్కలే కాబట్టి ఆ భయాన్ని ముందే తీర్చండి. మైదానమంతా క్రికెట్‌కు పోతే ఆడపిల్లలకు, చిన్నపిల్లలకు మిగిలేది గోడ పక్క సందే. వారంలో కొన్ని సాయంత్రాలు ఖోఖో, కబడ్డీ, తొక్కుడుబిళ్ల, తాడాటలకు కేటాయించి, గీతలు సున్నంతో గీయించండి. తెలంగాణ పల్లెల్లో 2022 నుంచి ఏర్పాటైన క్రీడా ప్రాంగణాల్లో ఊరికి దూరంగా పడినవి చాలావరకు వాడుక లేకుండా ఉన్నాయి. పంచాయతీ తీర్మానంతో ఆ వాలీబాల్ స్తంభాలనూ, కడ్డీలనూ బడి దగ్గరికి మార్పించుకోవడానికి ప్రయత్నించండి.

వీధిని కొన్ని గంటలు బండ్లకు మూసేయడం

కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాల్లో పెద్ద రోడ్లను వాహనాలకు మూసి నడకకు, సైకిళ్లకు ఇస్తున్నారు. ఇప్పుడది ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, నూటఇరవై కిలోమీటర్లకు పైగా సాగుతుంది. మన దేశంలో గుర్‌గావ్ 2013 నవంబరులో రాహ్‌గిరి పేరుతో ఆ దారి పట్టింది. విశాఖ బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని తెల్లవారుజామున బండ్లకు మూసి నడిచేవారికి వదులుతారు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌ను 2021 ఆగస్టు నుంచి కొంతకాలం ఆదివారం సాయంత్రాలు మూసినప్పుడు జనం వెల్లువెత్తారు, కానీ తినుబండారాల దుకాణాలు, సంగీత కార్యక్రమాల మధ్య అది నడకగా కంటే తిరునాళ్లగా మారింది. నా దృష్టిలో కాలనీకి పనికివచ్చే నమూనా బీచ్ రోడ్డుది: హంగు లేదు, రోజూ జరుగుతుంది.

మీరు ఎంచుకునే వీధికి పక్కనే ప్రత్యామ్నాయ దారి ఉండాలి, దాని మీద బస్సులు తిరగకూడదు, ఆసుపత్రి ఉండకూడదు. ఆ వీధిలోని ప్రతి ఇంటికీ వెళ్లి సంతకం తీసుకోండి. కారు తీయవలసినవారికి నడక వేగంతో బయటికి పంపే ఏర్పాటు ఉంటుందని మాట ఇవ్వండి. సంతకాలు, పటం, వేళలు జతచేసి ట్రాఫిక్ పోలీసులకు దరఖాస్తు ఇవ్వండి. అనుమతి వచ్చాక ఆదివారం ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా మొదలుపెట్టండి, రెండు చివర్లా బారికేడ్ల దగ్గర ఇద్దరేసి నిలబడండి, అంబులెన్స్ వస్తే క్షణాల్లో జరపగలిగే బరువే వాటికి ఉండాలి. వేదిక, మైకు, ముఖ్య అతిథి వద్దు. మైకు పెట్టగానే జనం కదలడం మానేసి కుర్చీలు వెతుక్కుంటారు.

మళ్లీ లెక్క

మూడు నెలల తర్వాత అవే వేళల్లో, అవే రోజుల్లో మళ్లీ కూర్చుని లెక్కపెట్టండి. మొత్తం సంఖ్య పెరిగినా స్త్రీల, వృద్ధుల వరసలు కదలకపోతే, చేసిన ఖర్చు ముందునుంచీ వస్తున్నవారికే సౌకర్యం పెంచిందని అర్థం; అప్పుడు కొత్త పరికరం కొనకుండా గేటు వేళలను, దీపాలను, మరుగుదొడ్డి శుభ్రతను తిరిగి పరిశీలించండి. వానాకాలపు లెక్కను వేసవి లెక్కతో పోల్చవద్దు. రెండు పట్టికలనూ గేటు దగ్గర అతికించండి, ఒక ప్రతిని కార్పొరేటర్‌కూ, మున్సిపల్ కమిషనర్‌కూ ఇవ్వండి, వచ్చే బడ్జెట్‌కు మీ కోరికలను జనవరి లోపే ఇచ్చి రసీదు తీసుకోండి.